ఒంటరి బిడ్డను పలకరించే ముందు

తిరుపతి రైల్వే స్టేషన్‌లోగాని, బస్టాండులోగాని ఒంటరిగా తిరుగుతున్న బిడ్డ కనబడితే, దగ్గరకు వెళ్లే ముందే పిల్లల సహాయవాణి (చైల్డ్ హెల్ప్‌లైన్) నంబరు 1098 ఫోనులో సిద్ధంగా పెట్టుకోండి. ప్రాణాపాయమైతే 112కు చేయాలి.

బిడ్డను నిర్జనమైన చోటుకు, ముఖ్యంగా మీ ఇంటికి, తీసుకువెళ్లకండి. నలుగురికీ కనబడేచోటే, వీలైతే ఒక మహిళను తోడు ఉంచుకొని, నెమ్మదిగా మాట్లాడండి. కొండకు వచ్చే యాత్రికుల పిల్లల్లో తమిళమో కన్నడమో మాత్రమే తెలిసినవారూ ఉంటారు కాబట్టి ఆ భాష వచ్చినవారిని ముందే చూసుకోవాలి. ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగకండి. అది బిడ్డను మరింత బెదరగొడుతుంది, తరువాత ఇవ్వవలసిన వాంగ్మూలాన్నీ చెదరగొడుతుంది.

"మా బంధువుల బిడ్డే" అంటూ ఎవరు వచ్చినా, ఎంత నమ్మకంగా మాట్లాడినా, పోలీసులు నిర్ధారించేదాకా అప్పగించవద్దు. పిల్లలను పనికో బిచ్చానికో తరలించేవారూ ఈ మాటే చెప్పగలరు.

ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. చాలామంది మంచి మనసుతోనే పెడతారు, కానీ 2015 నాటి బాలల న్యాయ చట్టం ఇటువంటి పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని నిషేధించింది. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి.

ప్రయాణ సమయం పోగా 24 గంటల్లోపు అధికారులు బిడ్డను బాలల సంక్షేమ కమిటీ (ఇటువంటి పిల్లల సంరక్షణను నిర్ణయించే సంఘం) ముందు హాజరుపరచాలి గనుక, కనబడిన చోటు, వేళ, వేసుకున్న బట్టల వివరాలు కాగితంపై రాసి వారికి ఇవ్వండి.