పాత మిల్లింగ్ మిషన్: కొనే ముందు డయల్, కొన్నాక జిబ్, ఆ తర్వాతే కటర్

ఇంటి వెనక షెడ్డులో ఒక మిల్లింగ్ మిషన్ (తిరిగే కటర్‌తో లోహాన్ని కోసేది) పెట్టుకోవాలనుకునేవాళ్లకి మన దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఎక్స్2, ఎక్స్3 తరహా చైనా బెంచ్ మిషన్లు. ఎవరో మోజుపడి కొని, నాలుగు రోజులు వాడి అమ్మేసేవి. రెండోది మూతపడిన వర్క్‌షాపుల నుంచి బయటికొచ్చే ఎం1టీఆర్ టర్రెట్ మిల్లింగ్, నేల మీద నిలబెట్టే పెద్ద మిషన్. హైదరాబాద్ బాలానగర్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వాకబు చేస్తే తగులుతాయి. ఎక్స్2ని ఇద్దరు ఎత్తి బల్ల మీద పెట్టేయొచ్చు. ఎం1టీఆర్ టన్ను దాకా తూగుతుంది. దానికి క్రేను కావాలి, గట్టి కాంక్రీటు నేల కావాలి, మూడు ఫేజుల కరెంటు సంగతి తేల్చుకోవాలి. చోటు ఉంటే ఎం1టీఆర్‌కే ఓటు. బరువే ఈ పనిలో సగం బలం.

ఏది కొన్నా బేరంలో మిగిలిందని సంబరపడకండి. వైస్ (కోసే ముక్కని, అంటే జాబ్‌ని, పట్టే దవడలు), కోలెట్లు (కటర్‌ని బిగించి పట్టే చీలికల గొట్టాలు), డయల్ (చిన్న కదలికని ముల్లుతో చూపే కొలత పరికరం), క్లాంపులు, కటర్లు కలిపి చిన్న మిషన్ ధరకి దగ్గరగా వచ్చి కూర్చుంటాయి. అమ్మేవాడి దగ్గర ఇవి ఉంటే మిషన్‌తో పాటే అడగండి. విడిగా కొంటే రెట్టింపు పడుతుంది.

చూడ్డానికి వెళ్లినప్పుడు

0.01 మి.మీ. లివర్ డయల్, మాగ్నెటిక్ స్టాండు, టార్చిలైటు వెంట తీసుకెళ్లండి. కొత్త పెయింటు చూసి పడిపోవద్దు. పాత పెయింటు కింద జిడ్డు పేరుకున్న మిషనే చాలాసార్లు మేలు, దాచడానికి ఎవరూ శ్రమపడలేదన్నమాట.

మొదట బ్యాక్‌లాష్, అంటే హ్యాండిల్ దిశ మార్చినప్పుడు టేబుల్ కదలకుండా ఖాళీగా తిరిగే లూజు. టేబుల్‌కి డయల్ ఆనించి హ్యాండిల్ ఒక వైపు తిప్పండి. ముల్లు కదిలాక ఆపి, ఇప్పుడు వెనక్కి తిప్పండి. ముల్లు మళ్లీ కదిలేలోపు హ్యాండిల్ కాలర్ (గీతలున్న రింగు) మీద ఎన్ని గీతలు ఖాళీగా పోయాయో అంత బ్యాక్‌లాష్. 0.1 నుంచి 0.2 మి.మీ. ఉంటే ఇబ్బంది లేదు. 0.5 దాటితే టేబుల్‌ని జరిపే స్క్రూ గానీ దాని నట్ గానీ అరిగినట్టే. ఈ పరీక్ష టేబుల్ మధ్యలో ఒకసారి, రెండు కొసల్లో ఒక్కోసారి చేయాలి. అందరూ వైస్‌ని మధ్యలోనే పెడతారు కాబట్టి స్క్రూ అరుగుదల కూడా మధ్యలోనే. మధ్యలో 0.6, కొసల్లో 0.2 వచ్చిందంటే అరిగింది నట్ కాదు, స్క్రూ. కొత్త నట్ వేసినా మధ్యలో లూజు పూర్తిగా పోదు, పోయేలా బిగిస్తే కొసల్లో పట్టేస్తుంది.

స్లైడ్లకీ (టేబుల్ జారే పట్టాలకీ) అదే లెక్క. టేబుల్‌ని మధ్యలో ఉంచి లూజు పోయేదాకా జిబ్ (స్లైడు సందులో లూజు తీసే పట్టీ) బిగించి, కొస దాకా తిప్పి చూడండి. బిగుసుకుపోతే స్లైడు మధ్యలో అరిగింది. దాన్ని గ్రైండింగో స్క్రేపింగో చేయించడం మిషన్ ధరని మించిపోతుంది. కొద్దిగా ఉంటే సర్దుకోవచ్చు, ఎక్కువుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

స్పిండిల్ (కటర్‌ని తిప్పే ఇరుసు) టేపర్ (దాని కింది కొసలో కోలెట్ కూర్చునే ఏటవాలు రంధ్రం) లోపల డయల్ ముల్లు ఆనించి చేత్తో తిప్పండి. ముల్లు 0.02 లోపే ఊగాలి. టేపర్‌లో గీతలు, మెరిసే రింగులు కనిపిస్తే అక్కడ కోలెట్ ఎప్పుడో జారి తిరిగింది. తర్వాత స్పిండిల్‌ని ముందుకీ వెనక్కీ లాగి లూజుందేమో చూడండి. ఆఖరుగా పెద్ద స్పీడులో 20 నిమిషాలు తిప్పించండి. బేరింగ్ దగ్గర చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండొచ్చు, చెయ్యి తీసేయాల్సినంత వేడి ఉండకూడదు. ఎక్స్2 రకంలో హెడ్ (స్పిండిల్ ఉండే పై భాగం) లోపల ప్లాస్టిక్ గేర్లుంటాయి. ఒక పన్ను విరిగితే చుట్టుకొకసారి టక్ టక్ మంటుంది. అది భయపడాల్సిన జబ్బు కాదు. గేర్లు దొరుకుతాయి, చాలామంది బెల్టుకి మార్చుకుంటారు. టేబుల్ మీద డ్రిల్ గుంటలుంటే చూపుకే లోపం. టీ-స్లాట్ (క్లాంపు బోల్టులు దూరే గాడి) పెదవి విరిగి ఉంటే మాత్రం వద్దు.

టేపర్ ఏదో కనుక్కోకుండా అడ్వాన్సు ఇవ్వకండి. ఆర్8 అయితే టూలింగ్ తేలిగ్గా దొరుకుతుంది, దాని డ్రా బార్ (కోలెట్‌ని పైనుంచి లాగి పట్టే పొడవాటి బోల్టు) మర 7/16 అంగుళం, 20 టీపీఐ (అంగుళానికి 20 మరలు). ఎంటీ3 కూడా పనికొస్తుంది గానీ పట్టుకుంటే వదలదు. డ్రా బార్ ఒక చుట్టు వదులు చేసి, ఇత్తడి సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. పూర్తిగా విప్పేసి కొడితే మరలు పోతాయి. వేడెక్కిన స్పిండిల్‌లో చల్లటి కోలెట్ బిగించి రాత్రికి వదిలేస్తే, పొద్దున్న దాన్ని ఊడదీయడం ఒక పెద్ద పని.

కరెంటు

మూడు ఫేజుల మోటారుని ఇంటి సింగిల్ ఫేజు మీద తిప్పాలంటే 230 వోల్టుల వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజుని మూడు ఫేజులుగా మార్చి, మోటారు స్పీడుని అదుపు చేసే డ్రైవ్) చాలు. షరతు ఒకటే: మోటారు ప్లేటు మీద 230/415 అని, డెల్టా/స్టార్ గుర్తులతో ఉండాలి. అప్పుడు టెర్మినల్ బాక్సులో పట్టీలు మార్చి డెల్టా చేయిస్తారు. 415 డెల్టా అని మాత్రమే ఉంటే ఈ దారి కుదరదు. వీఎఫ్‌డీకీ మోటారుకీ మధ్య పాత రివర్స్ స్విచ్చు ఉంచకూడదు. నడుస్తుండగా దాన్ని తిప్పితే డ్రైవ్ కాలిపోతుంది. స్టార్టు, స్టాపు, రివర్సు అన్నీ డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్ల నుంచే ఇవ్వాలి. 20 హెర్ట్జ్ కన్నా కింద ఎక్కువసేపు తిప్పితే మోటారు సొంత ఫ్యాను గాలి చాలక వేడెక్కుతుంది, అందుకే తక్కువ స్పీడుకి బెల్టే మార్చుకోవాలి. ఎర్తింగ్ గట్టిగా ఉండాలి. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

కడగడం

కిరోసిన్ లేదా డీజిల్, పాత పెయింటు బ్రష్షు, నూలు గుడ్డ. పెట్రోలు జోలికి వెళ్లొద్దు. కంప్రెసర్ గాలి కూడా వద్దు, అది ఇనుప రజనుని బయటికి పంపదు, స్లైడ్ల కిందికీ బేరింగుల్లోకీ తోస్తుంది. విప్పే ప్రతి భాగాన్నీ ముందు ఫోటో తీసుకోండి, ముఖ్యంగా జిబ్ ఏ కొస ఏ వైపుందో. టేపర్ జిబ్‌ని తిరగేసి తోస్తే ఇరుక్కుంటుంది. స్లైడ్ల మీద ఎమెరీ కాగితం వాడకండి. గాట్ల అంచులు పైకి లేచిన చోట మాత్రం నూనె రాయితో నెమ్మదిగా రుద్ది దించితే సరిపోతుంది.

జిబ్: సగం జబ్బులకి మందు ఇక్కడే

కటర్ కీచుమనడం, ఫినిష్‌లో అలలు రావడం, చిన్న ఎండ్‌మిల్లు (కొసతోనూ పక్కలతోనూ కోసే కటర్) విరగడం... ఇవన్నీ కటర్ తప్పులా కనిపిస్తాయి. చాలాసార్లు అసలు కారణం టేబుల్ వదులు. స్క్రూలతో సర్దే జిబ్ అయితే లాక్‌నట్లన్నీ వదులు చేసి, మధ్య స్క్రూ నుంచి కొసలకి ఒక్కొక్కటీ తగిలేదాకా బిగించి, చుట్టులో ఎనిమిదో వంతు వెనక్కి తిప్పండి. లాక్‌నట్ బిగించేటప్పుడు ఎలెన్ కీతో స్క్రూని కదలకుండా పట్టుకోవాలి. లేకపోతే నట్‌తో పాటు స్క్రూ కూడా తిరిగి, సర్దిందంతా పోతుంది. టేపర్ జిబ్‌కి రెండు కొసల్లో ఒక్కో స్క్రూ: ఒకటి వదులు చేశాకే రెండోది బిగించాలి.

సరిపోయిందో లేదో చెయ్యి చెప్పదు, డయలే చెప్పాలి. టేబుల్ కొసని స్లైడుకి అడ్డంగా గట్టిగా తోసి లాగండి. ముల్లు 0.02 లోపే ఊగాలి, హ్యాండిల్ మాత్రం నునుపుగా తిరగాలి. కొత్తవాళ్లు మరిచేది ఇంకొకటుంది. కదపని స్లైడుని ఎప్పుడూ లాక్ చేయాలి. ఎక్స్ వైపు (ఎడమ కుడి) కోస్తుంటే వై (ముందు వెనక), జెడ్ (పైకి కిందికి) లాకులు బిగించి ఉండాలి.

హెడ్ నిటారు

స్పిండిల్‌కి డయల్ బిగించి టేబుల్ మీద 200 మి.మీ. వ్యాసంలో చుట్టూ తిప్పండి. ఎదురెదురు రీడింగుల తేడా 0.02 లోపు తేవాలి. టీ-స్లాట్ల మీద ముల్లు ఎగరకుండా దాన్ని ఎత్తుతూ తిప్పాలి. ఎడమ కుడి తేడాని హెడ్ బోల్టులు సగం వదులు చేసి నైలాన్ సుత్తితో తడుతూ సరిచేయొచ్చు. బోల్టులు ఆఖరుగా బిగించేటప్పుడు హెడ్ మళ్లీ కాస్త జరుగుతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

ముందు వెనక తేడా వేరే కథ. చదును అడుగుతో నాలుగు బోల్టుల మీద నిలబడే చదరపు స్తంభం మిషన్లలో దాన్ని అడుగున షిమ్ (పల్చటి రేకు ముక్క) వేసే సరిచేయాలి. డయల్ ముందు వైపు ఎక్కువ నొక్కుకుంటే స్తంభం ముందుకి వాలిందని అర్థం, షిమ్ ముందు బోల్టుల దగ్గర పడాలి. మందం లెక్క: తేడాని స్తంభం ముందు వెనక బోల్టుల మధ్య దూరంతో గుణించి, డయల్ తిరిగిన వ్యాసంతో భాగించండి. 200 మి.మీ.కి 0.08 తేడా వచ్చి, బోల్టుల దూరం 120 అయితే 0.048. అంటే 0.05 షిమ్ ముక్క. పాత ఫీలర్ గేజి (సందులు కొలిచే పల్చటి ఆకుల కట్ట) ఆకు కత్తిరించి వేసినా నడుస్తుంది.

వైస్, కోలెట్లు

డ్రిల్లింగ్ వైస్‌తో మిల్లింగ్ చేయకండి. బిగించగానే దాని కదిలే దవడ పైకి లేస్తుంది, జాబ్ కూడా దాంతో లేస్తుంది. చిన్న మిషన్‌కి 75 లేదా 100 మి.మీ. మిల్లింగ్ వైస్ చాలు, అంతకన్నా పెద్దది టేబుల్‌నే తినేస్తుంది. వైస్‌ని టేబుల్‌కి సూటిగా పెట్టేటప్పుడు ఒక బోల్టు గట్టిగా, రెండోది నామమాత్రంగా బిగించి, కదలని దవడ వెంట డయల్ నడిపిస్తూ వదులు కొసని తట్టండి. 100 మి.మీ.కి 0.02 లోపు వస్తే బిగించేయండి. జాబ్ కింద ఒకే మందం ప్యారలల్స్ (నున్నటి ఉక్కు పట్టీలు) జత పెట్టి, వైస్ బిగించాక రాగి సుత్తితో జాబ్‌ని తట్టాలి. రెండు ప్యారలల్సూ వేలితో కదపబోతే కదలకూడదు. ఒకటి కదిలితే ఆ వైపు జాబ్ లేచి ఉంది.

ఎండ్‌మిల్‌ని డ్రిల్ చక్‌లో పెట్టొద్దు. అడ్డంగా పడే భారానికి పళ్లు జారుతాయి, చక్ టేపర్ ఊడి కింద పడుతుంది. కోలెట్లు కావాలి. చిన్న మిషన్‌కి ఈఆర్20 లేదా ఈఆర్25 సైజు కోలెట్లు, ఎం1టీఆర్‌కి ఈఆర్32. ఈఆర్32 అయితే 20 మి.మీ. షాంకు (కటర్ కాడ) దాకా పడుతుంది. కోలెట్‌ని ముందు హోల్డర్‌లో పడేసి పైన నట్ తిప్పడం చాలామంది చేసే తప్పు. నట్ లోపల పక్కకి జరిగిన రింగు ఉంటుంది. కోలెట్‌ని కాస్త వాల్చి ఆ రింగు కిందికి దూర్చి, టక్కున కూర్చున్నాకే హోల్డర్‌కి ఎక్కించాలి. అలా చేయకపోతే కటర్ వంకరగా తిరుగుతుంది, విప్పినప్పుడు కోలెట్ లోపలే ఇరుక్కుంటుంది, కొన్నాళ్లకి దాని పెదవి చిట్లుతుంది. కటర్ పెట్టకుండా ఖాళీ కోలెట్‌ని ఎప్పుడూ బిగించకండి.

క్లాంపుల సెట్ కొనే ముందు టీ-స్లాట్ వెడల్పు కొలవండి, 12 అనుకుని కొంటే 14 ఉన్న మిషన్లూ ఉంటాయి. జాబ్ అంచు ఎక్కడుందో పట్టిచ్చే ఎడ్జ్ ఫైండర్ ఒకటి తీసుకోండి. మొన 10 మి.మీ. అయితే అంచు దొరికాక 5 జరిపితే స్పిండిల్ కేంద్రం సరిగ్గా అంచు మీద ఉంటుంది. డీఆర్ఓ (టేబుల్ ఎంత జరిగిందో అంకెల్లో చూపేది) పెట్టించుకోగలిగితే మంచిదే, అరిగిన స్క్రూ చెప్పే అబద్ధాలు ఇక వినక్కర్లేదు. బ్యాక్‌లాష్ మాత్రం దానివల్ల పోదు.

కోత

స్పీడుకి గుర్తుంచుకునే లెక్క: కటింగ్ స్పీడు (నిమిషానికి మీటర్లలో) × 320 ÷ కటర్ వ్యాసం (మి.మీ.లో). హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) కటర్‌కి మైల్డ్ స్టీలు మీద 25, బీడు మీద 20, స్టెయిన్‌లెస్ మీద 15, అల్యూమినియం మీద 75 తీసుకోండి. 10 మి.మీ. ఎండ్‌మిల్‌కి మైల్డ్ స్టీలులో 800 ఆర్‌పీఎం, అల్యూమినియంలో 2400. నాలుగు పళ్లు, ఒక్కో పన్నుకి 0.03 మి.మీ. ఫీడు (టేబుల్ జరగడం) అనుకుంటే స్టీలులో నిమిషానికి 96 మి.మీ. హ్యాండిల్ చుట్టుకి 2 మి.మీ. జరిగే మిషన్‌లో అది నిమిషానికి 48 చుట్లు. భయంతో ఇంతకన్నా బాగా నెమ్మదిగా తిప్పితే కటర్ కోయదు, రుద్దుతుంది. మొద్దుబారేది అందుకే.

చిన్న బెంచ్ మిషన్‌లో మైల్డ్ స్టీలుకి 10 మి.మీ. కటర్‌తో స్లాటు తీస్తే 1 మి.మీ. లోతుతో మొదలుపెట్టండి. పక్క నుంచి అయితే 5 లోతు, 1 వెడల్పు. కటర్ పళ్లు టేబుల్ కదిలే దిశకి ఎదురుగా కోసేలా ఉండాలి. పళ్లు, టేబుల్ ఒకే దిశలో పోతే బ్యాక్‌లాష్ ఉన్నంత మేరా కటర్ టేబుల్‌ని గుంజేసుకుంటుంది, జాబ్ పాడు, కటర్ విరుగు. ఆఖరి 0.05 ఫినిష్ కోతకైతే ఆ దిశ వాడొచ్చు, టేబుల్ లాకుని కొద్దిగా ఒరుసుకునేలా బిగించి.

చిప్పులు నీలం రంగులోకి మారితే హెచ్ఎస్ఎస్ కటర్‌కి స్పీడు ఎక్కువైంది. కోత దానంతటదే లోతు పెరుగుతూ పోతుంటే కోలెట్ నుంచి కటర్ కిందికి జారుతోంది: షాంకు మీద నూనె తుడిచి, నట్ సరిగ్గా బిగించండి. అల్యూమినియం పళ్లకి అతుక్కుంటే బ్రష్షుతో కిరోసిన్ రాస్తూ కోయండి, నాలుగు పళ్ల కటర్ బదులు రెండు పళ్లది వాడండి. బీడుకీ ఇత్తడికీ ఏ నూనే అక్కర్లేదు. చేతికి గ్లౌజు తొడుక్కుని తిరిగే కటర్ దగ్గరికి పోవద్దు. డ్రా బార్ స్పానర్ పైన వదిలేసి స్విచ్ వేయొద్దు.

నూనె, తుప్పు

స్లైడ్లకి 68 గ్రేడు స్లైడ్‌వే ఆయిలు, రోజూ పని మొదలుపెట్టే ముందు. స్క్రూలకీ అదే. గ్రీజు వాడితే రజను అందులో అంటుకుని రుద్దుడు పేస్టులా పనిచేస్తుంది. గేర్ హెడ్ ఉంటే దాని గాజు కిటికీలో నూనె మట్టం చూసుకోండి. పాత మిషన్ ఇంటికి రాగానే ఆ నూనె ఒకసారి మొత్తం దించి, అందులో ఇత్తడి పొడి మెరుస్తోందేమో చూడండి.

సాల్యుబుల్ ఆయిల్ వాడేవాళ్లు 20 పాళ్ల నీళ్లలోకి ఒక పాలు నూనె పోసి కలపాలి, నూనెలోకి నీళ్లు కాదు. వాడిన రోజు సాయంత్రం వైస్ ఎత్తి కింద తుడవాలి, లేకపోతే తెల్లారేసరికి టేబుల్ మీద వైస్ ఆకారంలో ఎర్రటి మచ్చ పడుతుంది. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్లు, వానాకాలంలో ఎవరైనా, మిషన్ మీద ప్లాస్టిక్ పట్టా నేరుగా కప్పకండి, లోపల చెమట పడుతుంది. నూనె తడిపిన పాత నూలు దుప్పటి పరిచి, కావాలంటే దాని మీద పట్టా వేయండి. నెలకొకసారి జిబ్, ఆరు నెలలకొకసారి హెడ్ నిటారు డయల్‌తో చూసుకోండి. కటర్ బలంగా ఇరుక్కుని మిషన్ ఆగిన రోజు మాత్రం నెల అయ్యేదాకా ఆగకుండా, ఆ పూటే హెడ్ చూడండి.