త్రాసుతో తూచేటప్పుడు

త్రాసును చేత్తో పట్టుకుని తూచవద్దు. చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా ముల్లు ఊగుతూనే ఉంటుంది. మా కిరాణా కొట్టులో దూలానికి కొక్కెం వేయించి త్రాసు తగిలించాను. పళ్ళేలు బల్లకు బెత్తెడు ఎత్తున వేలాడతాయి. తూచేంతసేపూ ఫ్యాను ఆపేస్తాను.

ముందు రెండు పళ్ళేలనూ అడుగు వైపు కూడా తుడవండి. బెల్లమో చింతపండో తూచాక కొంచెం అంటుకునే ఉంటుంది. గొలుసుల మెలికలు విప్పి వదిలితే ముల్లు అటూ ఇటూ సమానంగా ఊగుతూ నడిమికి రావాలి.

వచ్చినంత మాత్రాన ఆ త్రాసు మంచిదని నేను ఒప్పుకోను. తేలిక పళ్ళేనికి పాసంగం, అంటే తేడా సరిచేసే చిన్న బరువు, కట్టినా ముల్లు నడిమికి వస్తుంది. పళ్ళేలు వేలాడే అడ్డకాడ ఒక వైపు పొడుగ్గా ఉంటే మాత్రం ఆ దోషం ఖాళీ పళ్ళేల్లో బయటపడదు, బరువు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అసలు పరీక్ష ఇది: ఒక పళ్ళెంలో కిలో రాయి, రెండో దానిలో సరితూగేంత బియ్యం సంచి పెట్టండి. ఇప్పుడు వాటి స్థానాలు మార్చండి. అప్పుడు కూడా ముల్లు నడుమనే నిలవాలి.

నిలవకపోతే బాగుచేయించాలి. ఈలోగా తూచక తప్పదంటే సరుకును ఒక పళ్ళెంలో ఉంచి, ఎదుటి పళ్ళెంలో ఇసుక పోస్తూ సరితూచండి. ఇసుకను కదపకుండా సరుకు తీసేసి, అదే చోట రాళ్ళు పేర్చండి. మళ్ళీ సరితూగినప్పుడు ఆ రాళ్ళెంతో సరుకూ అంతే. రెండూ ఒకే వైపు తూగాయి కాబట్టి కాడ దోషం అంటదు.

రాళ్ళను కూడా చూసుకోవాలి. ఇనుప రాయి గుంటలో పోసిన సీసం మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. రెండేళ్ళకోసారి మళ్ళీ వేయించాలి. సీసం ఊడిన రాయి తేలికవుతుంది, దానితో తూస్తే కొనేవారికి సరుకు తగ్గుతుంది. అటువంటి రాయిని నేను బల్ల మీద ఉంచను.

తూచేటప్పుడు రాయి ముందు, సరుకు తరువాత. పప్పు గుప్పెడుతో పోసి, చివర్లో చిటికెలతో పెంచండి. 100 గ్రాముల రాయి కనబడకపోతే 150 గ్రాములకు ఒక వైపు 200 రాయి, సరుకు వైపు 50 రాయి పెడితే సరిపోతుంది. నూనెకైతే ఖాళీ గిన్నె పెట్టి, ఎదుటి పళ్ళెంలో గులకరాళ్ళతో దాని బరువు సరిచేశాకే తూకపు రాయి వేయండి.