గేర్లు ఊడుతున్నాయా, గాగుల్స్ మసకబారాయా? స్టీమ్‌పంక్ యాక్సెసరీల తిప్పలు, విరుగుళ్లు

స్టీమ్‌పంక్ అంటే ఆవిరి యంత్రాల కాలం నాటి ఊహా ప్రపంచపు వేషం. దానికి గాగుల్స్, టోపీ, ముంజేతి కవచం సొంతంగా చేసుకుంటే వచ్చే తిప్పలు చాలావరకు ఒకే రకం. లోపం పైన కనిపిస్తుంది, దానికి కారణం కింది పొరలో ఉంటుంది. కాబట్టి ఊడినదాన్ని మళ్లీ అతికించేముందు అది ఎలా ఊడిందో చూడండి.

అతికించిన గేర్ ఊడి చేతిలోకి వచ్చింది

ఊడిన గేర్‌ని వెనక్కి తిప్పండి. లోహానికి జిగురు ఏమాత్రం అంటకుండా నున్నగా ఉందా? అయితే అది గ్లూ గన్ పని. ఇత్తడి, స్టీలు వేడిని గబుక్కున లాగేసుకుంటాయి కాబట్టి, వేడి జిగురు పట్టు దొరకకముందే గడ్డకడుతుంది. పైగా ఎండలో ఆపిన కారులో అదే జిగురు మళ్లీ మెత్తబడుతుంది. నేను చేసిన మొదటి టోపీని డిక్కీలోంచి తీసేసరికి పదకొండు గేర్లలో నాలుగే చోటు కదలకుండా ఉన్నాయి. మిగతావి జారి అంచు మీద కుప్పగా పడున్నాయి.

పాత జిగురు మొత్తం గీకేయండి. 120 నంబర్ శాండ్ పేపర్‌తో గేర్ వెనక మెరుపు పోయేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ పెట్టండి. ఐదు నిమిషాల ఎపాక్సీ అని రాసి ఉన్నా, ఆ ఐదు నిమిషాల్లో అది గట్టిపడటం మొదలవుతుందంతే. పూర్తి బలం రావాలంటే ఒక రోజు ముట్టుకోకూడదు. గుడ్డ టోపీ అయితే నేను జిగురు జోలికే వెళ్లను. గేర్ కన్నాల్లోంచి దారం పోనిచ్చి బొత్తాంలా కుట్టేస్తాను.

గాగుల్స్ మీద తెల్లటి మసక

తీసి పక్కన పెడితే రెండు నిమిషాల్లో పోయిందా? అది మీ ఊపిరి ఆవిరి. కంటి చుట్టూ ఉండే గిన్నెలాంటి భాగం పక్కల మూడు మిల్లీమీటర్ల కన్నాలు నాలుగు వేయండి. గాలి ఆడుతుంది, చూడటానికీ యంత్రం భాగంలా బాగుంటుంది.

తుడిచినా పోకపోతే అనుమానించాల్సింది సూపర్ గ్లూని. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి, గాలిలోని తేమతో కలిసి తెల్లటి పొడిలా పేరుకుంటుంది. పలచగా ఉంటే ప్లాస్టిక్ పాలిష్‌తో పోవచ్చు, దట్టంగా ఉంటే లెన్స్ మార్చడమే. ఈసారి ఫ్రేమ్ పనంతా ముగించి, బాగా ఆరనిచ్చి, లెన్స్‌ని చిట్టచివర బిగించండి. ఒక మాట: ముదురు రంగు ప్లాస్టిక్ వేసినంత మాత్రాన అవి చలువ కళ్లద్దాలు కావు. ఎండలో వాటిని నుదుటి మీదే ఉంచుకోండి.

ఫోమ్ మీద రంగు పగిలి రేకులు లేస్తోంది

కవచాలకు వాడే ఈవీఏ ఫోమ్‌లో (మెత్తటి రబ్బరులాంటి షీటు) సన్నటి రంధ్రాలుంటాయి. నేరుగా వేస్తే రంగుని తాగేస్తుంది, వంచితే రంగు పగులుతుంది. ముందు హీట్ గన్‌ని కదుపుతూ ఫోమ్ అంతా వేడి చేయండి. మెరుపు లేని ఉపరితలం కొద్దిగా నిగనిగలాడితే రంధ్రాలు మూసుకున్నట్టే. ముంజేతి కవచాన్ని ఆ వేడిలోనే గుండ్రంగా వంచి, చల్లారేదాకా పట్టుకోండి. రంగేశాక వంచితే పగుళ్లు ఖాయం. తర్వాత నీళ్లు కలిపిన తెల్ల జిగురు నాలుగైదు పలచటి పూతలు, ఆపైన నలుపు, ఆపైన ఇత్తడి రంగు.

ఇప్పటికే పగిలితే లేచిన రేకులు రుద్దేసి, పగుళ్లలోకి గోధుమ రంగు పట్టించండి. తుప్పులా కనిపిస్తుంది, ఎవరూ అడగరు. థర్మోకోల్ మీద మాత్రం స్ప్రే పెయింట్ కొట్టకండి, అది కరిగిపోతుంది.

అన్నీ కుదిరాయి, అయినా బొమ్మలానే ఉంది

నన్ను ఎక్కువ సతాయించింది ఇదే. కారణాలు మూడు.

మొదటిది, రంగు మరీ కొత్తగా ఉండటం. ముదురు గోధుమ యాక్రిలిక్‌ని టీ డికాక్షన్ అంత పలచగా కలిపి మొత్తం పూయండి. అర నిమిషం ఆగి, పాత బనియన్ గుడ్డతో పైపైన తుడవండి. ఎత్తుగా ఉన్న చోట ఇత్తడి బయటపడుతుంది, రివెట్ల చుట్టూ, పళ్ల సందుల్లో మురికి నిలుస్తుంది. చేతులు తగిలే అంచుల్లో మాత్రం పొడి బ్రష్‌తో కాస్త మెరుపు రుద్దండి. వాడకంలో అరిగేది అక్కడే కదా.

రెండోది, కాలం తప్పిన వస్తువులు. స్టీమ్‌పంక్ ఊహకు మూలం 1837-1901 నాటి విక్టోరియన్ కాలం. క్రోమ్ పూత మార్కెట్‌లోకి వచ్చింది 1920ల్లో, ప్లస్ తల స్క్రూ 1930ల్లో. తెల్లటి మెరుపు కావాలంటే కాస్త పసుపు ఛాయ ఉన్న నికెల్ రంగు వాడండి. కనిపించే స్క్రూలన్నీ మైనస్ గాడివి పెట్టండి. ఈ ఒక్క మార్పుతోనే సగం బొమ్మతనం పోతుంది.

మూడోది, పని లేని గేర్లు. ఒకదానితో ఒకటి కలిసే గేర్లకు పళ్ల సైజు ఒకటే ఉండాలి. పక్కపక్క గేర్లు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి కాబట్టి, మూడింటిని ఒకదానికొకటి తగిలేలా త్రిభుజంగా పెడితే ఏదీ కదలదు. తెలిసినవాళ్ల కన్ను ముందు అక్కడే పడుతుంది. అన్నట్టు, గేర్ల కోసం చీకట్లో మెరిసే పాత కాలపు గడియారాల్ని విప్పకండి. కొన్నింటి డయల్ రంగులో రేడియోధార్మిక పదార్థమైన రేడియం ఉంటుంది.

టోపీ ఒక పక్కకి ఒరుగుతోంది

బరువంతా అటే ఉంది. రెండో పక్క లోపల రెండు వాషర్లు కుట్టి, తల చుట్టూ తగిలే చోట ఫోమ్ పట్టీ వేయండి.

తోలు పట్టీకి రివెట్ నిలవడం లేదు

రివెట్ కాడ పొట్టిదై ఉంటుంది. పొరలన్నీ కలిపి నొక్కినప్పుడు కాడ రెండు మూడు మిల్లీమీటర్లు పైకి రావాలి. రాకపోతే సుత్తితో ఎంత కొట్టినా లాభం లేదు, పొడుగుది తెచ్చుకోండి.

మణికట్టు మీద ఆకుపచ్చ మరక

ఇత్తడిలోని రాగి చెమటతో కలిసిన ఫలితం అది. సబ్బుతో కడిగితే పోతుంది. ఇత్తడి లోపలి వైపు క్లియర్ లాకర్ (రంగులేని వార్నిష్ లాంటి పూత) కొట్టి, పలచటి తోలు ముక్క అతికించండి.