స్లేటు, స్టైలస్‌తో తెలుగు బ్రెయిలీ రాయడం

స్లేటంటే కీలుతో కలిసిన రెండు రేకులు. పై రేకులో వరసగా గళ్లు, కింది రేకులో ప్రతి గడికీ ఆరు గుంటలు ఉంటాయి. నడుమ కాగితం పెట్టి స్టైలస్‌తో, అంటే పిడి ఉన్న చిన్న పొడుపు సాధనంతో, పొడిస్తే చుక్క వెనకవైపు లేస్తుంది. అందుకే కుడి నుంచి ఎడమకు రాసి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతారు.

కాగితం మందంగా, 120–140 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఉండాలి. నోటుబుక్కు కాగితం మీద చుక్కలు బాగానే లేస్తాయి గానీ, నాలుగుసార్లు చదివేసరికి అణిగిపోతాయి.

కీలు ఎడమచేతి వైపు ఉంచి, కాగితం అంచును దానికి ఆనించి, స్లేటు మూసి మూలలు నొక్కండి. మూలల్లోని ముళ్లు కాగితాన్ని పట్టుకుంటాయి. వరుసలు నిండాక స్లేటును కిందికి జరిపి, కింది ముళ్లు చేసిన గుర్తుల్లో పై ముళ్లు కూర్చోబెడితే వరుసల మధ్య దూరం చెడదు.

స్టైలస్ పిడి చూపుడువేలికి ఆనాలి, మొన నిటారుగా దిగాలి. వాలిస్తే కాగితం చిరుగుతుంది, చుక్క పదునుగా లేచి వేలికి గుచ్చుకుంటుంది. ‘టక్’మని వినబడగానే ఆపండి, ఇంకా నొక్కితే చిల్లే. ఎడమ చూపుడువేలు రాస్తున్న గడి పక్కనే ఉండాలి, లేకపోతే గడి దాటిపోతుంది.

గడిలోని చుక్కలను అంకెలతో పిలుస్తారు. చదివేటప్పుడు ఎడమ నిలువు వరుసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడివైపు 4, 5, 6. రాసేటప్పుడు 1, 2, 3 కుడివైపుకు వస్తాయి. అక్షరాలన్నీ తిరగేసిన ఆకారాల్లో మళ్లీ బట్టీ పట్టించడం అనవసర భారం. ‘ముందు వచ్చే వరుస 1, 2, 3, తర్వాతిది 4, 5, 6’ అని చేతికి అలవాటు చేస్తే చాలు, రాతకూ చదువుకూ ఒకే అంకెలు. ఇది తప్పితే ఇ (2-4) కాస్తా ఏ (1-5) అవుతుంది, హ (1-2-5) జ (2-4-5) అవుతుంది. మొదట ఈ జంటలతోనే సాధన చేయించండి.

భారతీయ భాషలకు వాడే భారతి బ్రెయిలీలో గుణింతానికి వేరే గుర్తులు లేవు. హల్లు తర్వాతి గడిలో అచ్చే రాస్తాం. ‘తెలుగు’కు ఆరు గళ్లు: త 2-3-4-5, ఎ 2-6, ల 1-2-3, ఉ 1-3-6, గ 1-2-4-5, ఉ 1-3-6. ఒత్తుకు మాత్రం 4వ చుక్క హల్లుకు ముందు గడిలో పడాలి. ‘అమ్మ’ అంటే 1, తర్వాత 4, తర్వాత 1-3-4 రెండుసార్లు. కంటితో తెలుగు చదివి వచ్చినవాళ్లు ఈ 4వ చుక్కను మ తర్వాత పెట్టేస్తుంటారు.

చుక్క తక్కువైతే కాగితం తీయకముందే అదే గడిలో పొడవండి. ఎక్కువైతే కాగితం తిప్పి, గట్టి బల్ల మీద గోటితో అణచండి. గుర్తు పూర్తిగా పోదు. మాటంతా తప్పయితే దాని మీద ఆరేసి చుక్కలు నింపుతారు. ఒక్క గడినే నింపితే అది ఢ అని చదవబడుతుంది, కాబట్టి అక్కడ అణచడమే మేలు.

పెర్కిన్స్ బ్రెయిలర్ అనే బ్రెయిలీ టైపు మిషన్‌లో ఈ తిరగేత ఉండదు, చుక్క పైకే లేస్తుంది. స్పేస్ మీట నుంచి ఎడమకు 1, 2, 3; కుడికి 4, 5, 6. గడికి కావలసిన మీటలన్నీ ఒకేసారి నొక్కాలి. ఒకదాని తర్వాత ఒకటి నొక్కితే చుక్కలు వేర్వేరు గళ్లలో పడతాయి.