రక్తదానం మధ్యలో మానేయకుండా, ఏళ్ల తరబడి ఎలా చేయాలి?

రక్తం ఇవ్వడం కష్టమేమీ కాదు. ఇచ్చాక పావుగంట నిదానంగా ఉండటమే చాలామందికి చేతకాదు. ఎన్నో ఏళ్లుగా రక్తం ఇస్తున్నాను. మొదటిసారి వచ్చి, కళ్లు తిరిగి పడిపోయి, మళ్లీ ఆ ఛాయలకే రానివాళ్లను చాలామందిని చూశాను. తొందరపడి లేవడం తప్ప వాళ్లు చేసిన పొరపాటేమీ లేదు.

ముందు తేలిక పనులు చెప్పేస్తాను. వయసు 18 నిండాలి. బరువు 50 కిలోలు ఉంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. చాలాచోట్ల హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములకు తగ్గితే తీసుకోరు. ముందు రోజు రాత్రి బాగా నిద్రపోండి. రెండు మూడు గంటల ముందు కడుపునిండా తినండి. అరగంట ముందు అర లీటరు నీళ్లు తాగండి, ఇది మాత్రం మరవద్దు. వదులు చేతుల చొక్కా వేసుకోండి. కుడిచేతి వాటమైతే ఎడమ చెయ్యే ఇవ్వాలి. ఫారంలో వాడే మందులు, ఈమధ్య వచ్చిన జబ్బులు, వేయించుకున్న టాటూలు అన్నీ నిజం రాయండి. ఉచితంగా టెస్టులు అయిపోతాయని మాత్రం రాకండి. ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో ఏ టెస్టుకూ దొరక్కపోవచ్చు, ఆ రక్తం ఒక రోగికి ఎక్కుతుంది.

సూది గుచ్చడం క్షణం పని. 350 లేదా 450 మిల్లీలీటర్ల బ్యాగ్ పది నిమిషాల్లో నిండుతుంది. ఆ పది నిమిషాలూ పిడికిలి మూసి తెరవడంతో సరిపెట్టకుండా, కాళ్లు ఒకదానిమీద ఒకటి వేసి తొడలు బిగించి వదులుతూ ఉండండి.

అసలు జాగ్రత్త ఇక్కడినుంచి. ఒంట్లో రక్తం కాస్త తగ్గింది. లేచి నిలబడగానే ఉన్న రక్తం కాళ్లలోకి దిగుతుంది. దానికి భయం తోడైతే నరాల ప్రభావంతో గుండె నెమ్మదిస్తుంది, రక్తనాళాలు వదులవుతాయి, మెదడుకు రక్తం చాలదు. మొదటిసారి ఇచ్చేవాళ్లకు, చిన్న వయసువాళ్లకు, బరువు తక్కువ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువ.

ఒకసారి నా పక్క బెడ్ మీద ఓ కుర్రాడు సూది తీయగానే దిగి, ఫొటో తీసుకుని, చకచకా నీళ్ల టేబుల్ దగ్గరికి వెళ్లాడు. రెండుసార్లు ఆవులించాడు. పెదాలు పాలిపోయాయి, పైపెదవి మీద సన్నగా చెమట పట్టింది. చేతిలో గ్లాసు పక్కకు ఒరుగుతున్నా అతనికి తెలియడం లేదు. వెళ్లి పట్టుకుని అక్కడే నేలమీద పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి కుర్చీమీద పెట్టాను. రెండు నిమిషాల్లో ముఖంలోకి రంగు వచ్చింది. ఆవులింతలు, చెమట, ఒళ్లు చల్లబడటం, వికారం, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా మొహమాటం లేకుండా ఉన్నచోటే పడుకోవాలి. పక్కవాళ్లు కుర్చీలో కూర్చోబెడతామంటే వద్దనండి. కూర్చుంటే తగ్గదు, పడుకుంటే తగ్గుతుంది.

కాబట్టి ఇలా లేవండి. సూది తీశాక ఐదు నిమిషాలు పడుకోండి. చెయ్యి మడవకుండా, దూదిని గట్టిగా నొక్కి పట్టుకోండి. మోచెయ్యి మడిస్తే లోపల రక్తం చేరి కమిలిపోతుంది. తర్వాత లేచి కూర్చుని, కాళ్లు కిందకి వేలాడేసి రెండు నిమిషాలు ఆగండి. బెడ్ పట్టుకుని నిలబడండి. వెళ్లి ఇంకో పావుగంట కూర్చుని నీళ్లు తాగండి. ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లకండి, తప్పదనుకుంటే గడియ మాత్రం వేయొద్దు. కొందరికి గంట రెండు గంటల తర్వాత మెట్లమీదో బస్సులోనో కళ్లు తిరుగుతాయి. అందుకే ఎత్తుమీద పనిచేసేవాళ్లు, పెద్ద బండ్లు నడిపేవాళ్లు ఆ రోజు డ్యూటీ పెట్టుకోకూడదు. బరువులెత్తడం, జిమ్, మద్యం మరుసటి రోజు దాకా వద్దు.

ఆ కుర్రాడు నాలుగు నెలలకు మళ్లీ వచ్చాడు. ఈసారి పావుగంట కదల్లేదు, ఏమీ కాలేదు.

ఇక ఎన్నాళ్లకోసారి? మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు. కొన్ని దేశాల్లో 56 రోజులకే ఇవ్వనిస్తారు గానీ నేను ఒప్పుకోను. పోయిన ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఒకటి రెండు రోజుల్లో తిరిగొస్తుంది, ఎర్ర కణాలకు వారాలు పడుతుంది. ఒక్కసారి ఇస్తే పోయే 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ పూడటానికి మాత్రం నెలలు కావాలి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. తరచూ ఇచ్చేవాళ్లు డాక్టర్‌ని అడిగి, ఆ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ టెస్ట్ చేయించుకోవాలి. భోజనంతోపాటు టీ, కాఫీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు, మానండి.

"ఎవరికైనా అవసరమని ఫోన్ వస్తే పరుగెత్తుకెళ్లి ఇస్తాను" అనేవాళ్ల మనసు మంచిదే, పద్ధతే సరైంది కాదు. మీ రక్తానికి టెస్టులన్నీ పూర్తయ్యేసరికి గంటలు గడుస్తాయి. ఆపరేషన్ టేబుల్ మీద ఉన్న మనిషిని కాపాడేది అంతకుముందే ఎవరో ఇచ్చి వెళ్లిన బ్యాగ్. తలసీమియా, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు, తీవ్రంగా ఉన్న పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, అది ఏ రోజూ ఆగే అవసరం కాదు. అందరూ ఒకేరోజు ఇచ్చినా ఉపయోగం తక్కువే. ఎర్ర కణాలు ఎక్కువలో ఎక్కువ 42 రోజులు, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్లేట్‌లెట్లు సాధారణంగా ఐదు రోజులు నిలవుంటాయి. రక్తం గ్రూపులను 1901లో లోకానికి తెలిపిన కార్ల్ లాండ్‌స్టైనర్ పుట్టినరోజు జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినోత్సవం జరుపుతారు. ఆ రోజు రద్దీగా ఉంటే ఇంటికెళ్లి, నెల తర్వాత రండి.

ఆ పావుగంట కూర్చున్నప్పుడే ఫోన్‌లో రెండు రాసుకోండి. ఒకటి, మళ్లీ ఇవ్వాల్సిన తేదీ. రెండోది, బ్లడ్ బ్యాంక్ నంబర్. తర్వాతి రోజుల్లో మీకు జ్వరం వచ్చినా, ఫారంలో చెప్పడం మరిచిన విషయం గుర్తొచ్చినా వెంటనే ఫోన్ చేయండి, మీ బ్యాగ్ ఎవరికీ ఎక్కించకుండా పక్కన పెడతారు.