నోరూరించే వైన్ కోసం: వేసవిలో వైనరీలకి వెళ్లేవాళ్లకి

మొదటిసారి వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు చూడ్డానికి బయల్దేరినప్పుడు ఒకే రోజు ఐదు చోట్లకి వెళ్లాను. మూడో చోటికి చేరేసరికి నాలుక మొద్దుబారిపోయింది, నాలుగో చోట ఏం తాగానో ఇప్పటికీ గుర్తు రాదు, ఐదో చోట మాత్రం కౌంటర్ వెనకున్నాయన కబుర్లు బాగున్నాయని ఆరు బాటిళ్లు కొనేశాను. ఇంటికొచ్చి తెరిస్తే బరువైన రెడ్ వైన్, గుక్కగుక్కకీ చెక్క పీపా వాసన. బయట ఎండ మండిపోతుంటే అది ఎవరికి దిగుతుంది? ఆ బాటిళ్లు చలికాలం దాకా కదల్లేదు.

అందుకని మొదటి మాట: రోజుకి రెండు వైనరీలు చాలు, మహా అయితే మూడు. రెండో మాట, ఇంటి నుంచి బయల్దేరేముందే మీరు వెతుకుతున్నది ఏ రుచో తెలుసుకుని వెళ్లండి. వేసవి వైన్‌కి నా లెక్కలో ఒకటే కొలత, పులుపు. తియ్యగా, చల్లగా ఉంటే చాలనుకుంటాం గానీ తీపి మొదటి గ్లాసుకి బాగుంటుంది, రెండో గ్లాసుకి మొహం మొత్తుతుంది. పులుపున్న వైన్ దాహం తీర్చినట్టు ఉంటుంది, మళ్లీ తాగాలనిపిస్తుంది. పరీక్ష కూడా చాలా తేలిక. ఒక గుక్క తీసుకుని నోరంతా తిప్పి మింగండి (లేదా ఉమ్మేయండి, దాని సంగతి తర్వాత చెప్తా), ఆ తర్వాత తల కొంచెం ముందుకి వంచి చూడండి. బుగ్గల లోపల నుంచి నీళ్లు ఊరుతూ వస్తే అందులో పులుపు దండిగా ఉన్నట్టు. నోరూరడం అనే మాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

ఈ పులుపు ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే వైనరీలో ఏం అడగాలో మీకే తడుతుంది. ద్రాక్ష పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. చల్లటి ప్రాంతాల్లో, ఎత్తు మీదున్న తోటల్లో, పగలు ఎండ కాసినా రాత్రిళ్లు బాగా చల్లబడే చోట ఆ పులుపు నిలబడుతుంది. కొంతమంది కావాలనే కాస్త ముందుగా కోసేస్తారు. ఆ చక్కెరే పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టి లేబుల్ మీద అంకె కూడా ఒక ఆనవాలు. 11 నుంచి 12.5 శాతం మధ్య ఉంటే మామూలుగా తేలికైన వైన్, 14.5 ఉందంటే బాగా పండిన ద్రాక్షతో చేసిన బరువైనది. ఇందులో ఒక మెలిక ఉంది. 8, 9 శాతం ఉన్నది చూసి అబ్బో ఎంత తేలికో అనుకోకండి, పులియడం మధ్యలోనే ఆపేసి ఉండొచ్చు, అంటే చక్కెర లోపలే మిగిలిపోయి ఉంటుంది. జర్మనీలో మోజెల్ లోయ రీస్లింగ్‌లలో (అదొక తెల్లద్రాక్ష రకం) లేబుల్ మీద కాబినెట్ అని రాసినవి చాలావరకు ఇలాంటివే, కాకపోతే వాటిలో పులుపు కూడా అంతే గట్టిగా ఉంటుంది కాబట్టి ఆ తీపి తెలిసీ తెలియనట్టు పోతుంది. తీపి అసలు వద్దనుకుంటే ట్రాకెన్ అని రాసిన బాటిల్ చూడండి.

వైనరీలో అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఇది స్టీల్ ట్యాంకులో చేశారా, పీపాలో చేశారా? వేసవికైతే స్టీలే నయం, చెక్క వాసన అంటదు, పండు రుచి అలాగే ఉంటుంది. రెండోది, మాలోలాక్టిక్ జరిగిందా? పేరు భయపెడుతుంది గానీ విషయం చిన్నదే. ఆపిల్‌లో ఉండే పదునైన ఆమ్లాన్ని బ్యాక్టీరియా పెరుగులో ఉండే మెత్తటి ఆమ్లంగా మార్చేస్తుంది. రెడ్ వైన్‌లకి దాదాపుగా చేస్తారు, వైట్‌కి చేస్తే వెన్నలాంటి నునుపు వచ్చి పులుపు పదును తగ్గుతుంది. చేయలేదు అంటే మీకు కావాల్సింది అదే. మూడోది, ఏ సంవత్సరం పంట? తేలికైన వైట్‌లూ రోజేలూ (గులాబీ రంగు వైన్‌లు) చాలావరకు దాచుకునే సరుకు కాదు, కిందటి కోతవి అయితే తాజాగా ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోతలు ఎక్కువ. కోతల వేళ వెళ్తే సందడి చూడ్డానికి బాగుంటుంది గానీ మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు, ముందే ఫోన్ చేసి వెళ్లండి.

రుచి చూసే పద్ధతికి పెద్ద శాస్త్రం ఏమీ లేదు. ముందు బుడగలున్నది, తర్వాత వైట్, రోజే, తేలికైన రెడ్, బరువైన రెడ్, ఆఖర్న తియ్యటిది. ఈ వరస తప్పితే తీపి తర్వాత తాగిన మంచి వైన్ కూడా ఉత్త పుల్లనీళ్లలా అనిపిస్తుంది. సెంటు కొట్టుకుని వెళ్లకండి, మీకే కాదు పక్కవాళ్లకీ వాసన తెలియదు. ఏదన్నా తిని వెళ్లండి, మధ్యమధ్యలో నీళ్లు తాగండి. ఉమ్మడానికి అక్కడ ఒక పాత్ర పెడతారు, మొదట్లో సిగ్గుగా ఉంటుంది నిజమే, కానీ వైన్ బాగా తెలిసినవాళ్లంతా చేసే పనే అది. గ్లాసులో మిగిలింది కూడా అందులోనే పారబోయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఉమ్మినా కొంత ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి రుచి చూసినవాళ్లు స్టీరింగ్ పట్టుకోకూడదు, అస్సలు తాగని మనిషి ఒకరు వెంట ఉండాలి, లేదా బండి మాట్లాడుకోవాలి.

నేను ఆలస్యంగా నేర్చుకున్న కిటుకు ఒకటి ఉంది. ఎండాకాలం టేస్టింగ్ రూముల్లో వైన్ గడ్డకట్టేంత చల్లగా పోస్తారు. అంత చలిలో వాసన బయటికి రాదు, తీపి కూడా తక్కువగా తెలుస్తుంది, దాంతో నాసిరకం వైన్ కూడా బాగున్నట్టే ఉంటుంది. గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని నాలుగైదు నిమిషాలు ఆగండి. కొంచెం వేడెక్కాక మళ్లీ తాగి చూడండి. అప్పుడు కూడా బాగుంటే కొనండి, చప్పగా, తియ్యగా, స్పిరిట్ వాసనతో ఉంటే నవ్వి పక్కన పెట్టేయండి.

ఇక ఏవి అడగాలి అంటే, వైట్‌లలో సావిన్యాన్ బ్లాంక్ అందరికీ తెలిసిందే, ఫ్రాన్స్‌లో ల్వార్ నది లోయదైతే కాస్త నిదానంగా, న్యూజిలాండ్ మార్ల్‌బరోదైతే పచ్చిగడ్డి, పుల్లటి పండ్ల వాసనలతో మొహం మీద కొట్టినట్టు ఉంటుంది. నాకైతే స్పెయిన్ వాయవ్య తీరంలోని రియాస్ బైషాస్ అనే ప్రాంతపు అల్బరీన్యో వైట్ అంటే ఎక్కువ ఇష్టం, నిమ్మ పులుపు, చివర్లో సన్నటి ఉప్పదనం. పోర్చుగల్ విన్యో వెర్దె ఇంకా తేలిక, పేరుకి పచ్చ వైన్ అని అర్థం గానీ అది రంగు కాదు, లేతదని చెప్పడం. చాలా బాటిళ్లలో నాలుక మీద చిటపటలాడేంత గ్యాస్ కూడా ఉంటుంది.

రోజే గురించి ఒక అపోహ తీసేయాలి. గులాబీ రంగు చూసి తియ్యగా ఉంటుందనుకుంటారు. నల్లద్రాక్షలో కూడా చాలా రకాల రసానికి రంగుండదు, రంగంతా తొక్కలోదే. రసాన్ని తొక్కలతో కొన్ని గంటలు ఉంచి తీసేస్తే రోజే అవుతుంది. అంటే ఆ రంగు తొక్కలు ఎంతసేపు నానాయో చెప్తుందే తప్ప తీపి గురించి ఏమీ చెప్పదు. ప్రోవాన్స్ రోజే వెలిసిపోయినట్టు ఉంటుంది, అదే ఫ్రాన్స్‌లో తావెల్ అనే చోటిది ఎర్రగా ఉంటుంది, రెండింట్లోనూ తీపి ఉండదు.

బుడగల వైన్ లేబుల్ ఇంకా తికమక. ఎక్స్‌ట్రా డ్రై అంటే అసలు తీపి లేనిదని ఎవరైనా అనుకుంటారు, తీరా చూస్తే బ్రూట్ కంటే అదే తియ్యన. బ్రూట్‌లో లీటరుకి 12 గ్రాముల లోపు చక్కెర, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17 దాకా. ఇటలీ బుడగల వైన్ ప్రొసెక్కో కొనేటప్పుడు ఇది చూసుకోండి.

రెడ్ తాగేవాళ్లు వేసవిలో మానేయక్కర్లేదు, వగరు తక్కువున్నది ఎంచుకుంటే చాలు. ఇంగ్లీషులో టానిన్ అని చెప్పలేక అవస్థ పడేదానికి మనకి వగరు అని చక్కటి మాట ఉంది. తొక్కలూ గింజల నుంచి వస్తుంది, చల్లబరిస్తే ఇంకా గరుకుగా తేలుతుంది. అందుకే కాబర్నే సావిన్యాన్ లాంటి వగరెక్కువ రెడ్‌లు ఫ్రిజ్‌లో పెడితే నోరు పట్టేసినట్టు ఉంటుంది. ఫ్రాన్స్‌లో బోజొలే ప్రాంతపు గమే, తేలికైన పినో న్వార్ లాంటి రెడ్‌లైతే 12 నుంచి 14 డిగ్రీల దగ్గర ఎంత హాయిగా దిగుతాయో. వైట్, రోజేలకి 7 నుంచి 10 డిగ్రీలు సరిపోతుంది. ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు, తొందరైతే బకెట్‌లో ఐస్, నీళ్లు, గుప్పెడు ఉప్పు కలిపి మెడ దాకా ముంచితే 15, 20 నిమిషాలు. ఉత్త ఐస్ వేస్తే ముక్కల మధ్య గాలి ఉండి ఆలస్యమవుతుంది, నీళ్లు తప్పనిసరి. గ్లాసులో ఐస్ వేసుకోవాలనిపిస్తే వేసుకోండి, పోలీసులేం రారు, కాకపోతే ద్రాక్షపళ్లని ఫ్రీజర్‌లో పెట్టి ఐస్ బదులు వేసుకుంటే వైన్ పలచబడదు.

కొన్న తర్వాతే అసలు జాగ్రత్త. ఎండలో ఆపిన కారు డిక్కీ కొలిమిలా ఉంటుంది, ఆ వేడికి లోపలి వైన్ వ్యాకోచించి కార్క్ పైకి తన్నుకొస్తుంది, రుచి ఉడికిన పండులా అయిపోతుంది. ఒక చల్లటి సంచి, నాలుగు ఐస్ ప్యాకులు ఇంటి నుంచే తీసుకెళ్లండి, కొనడం ఆ రోజు చివరి వైనరీలో పెట్టుకోండి. పారదర్శకమైన గాజులో వచ్చే రోజేకి వెలుతురు కూడా పడదు, కిటికీ దగ్గర కొన్ని గంటలుంచినా చెడు వాసన రావచ్చు, కాబట్టి అందంగా ఉందని షెల్ఫులో నిలబెట్టకుండా చీకట్లో పడుకోబెట్టండి. నచ్చింది కదా అని ఒకేసారి ఆరు కొనకండి, ఒకటి కొని మధ్యాహ్నం మీ ఇంట్లో, మీ గ్లాసులో తాగి చూసి, మిగతావి తర్వాత తెప్పించుకోండి. తెరిచింది మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచొచ్చు, బుడగలున్నదైతే మర్నాటికే తాగేయాలి.