ట్యాప్ విరిగిందా? ముందు రంధ్రం కొలవండి

రంధ్రంలో మర కోసే ట్యాప్ సగం దిగి బిగుసుకుంటోంది, లేదా టక్కున విరుగుతోంది. చీమకుర్తిలో గ్రానైట్ యంత్రాలు బాగుచేసే షెడ్డులోనైనా, నెల్లూరు తీరాన రొయ్యల చెరువు గట్టుమీదైనా వినపడే గోల ఇదే. తిట్లన్నీ ట్యాప్ కంపెనీకే. కానీ చాలాసార్లు తప్పు రంధ్రానిది, చిన్నగా వేసి ఉంటారు.

లెక్క సులువే. బోల్టు సైజులోంచి పిచ్, అంటే ఒక మరకీ పక్క మరకీ మధ్య దూరం, తీసేయాలి. ఎం6కి, అంటే 6 మి.మీ. బోల్టుకి, పిచ్ 1 మి.మీ., కాబట్టి 5 మి.మీ. డ్రిల్. ఎం8కి 6.8, ఎం10కి 8.5, ఎం12కి 10.2. "ఎం8కి 6.5 వేయి, మర గట్టిగా వస్తుంది" అనేవాళ్లుంటారు. వినకండి. మర బలం పెద్దగా పెరగదు, ట్యాప్ మీద భారం మాత్రం బాగా పెరుగుతుంది.

రంధ్రం సరిగ్గానే ఉన్నా విరుగుతుంటే లోహం చూడండి. ఉప్పునీళ్లని, చెరువులో గాలి కలిపే ఏరేటర్లకు స్టెయిన్‌లెస్ వాడతారు కదా, అది మహా మొండిది. అరిగిన ట్యాప్ కోయకుండా రుద్దితే పైపొర గట్టిపడి, తర్వాత కొత్తదీ ఎక్కదు. పదునైన హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) ట్యాప్, దండిగా కటింగ్ ఆయిల్, 0.1 మి.మీ. పెద్ద రంధ్రం: ఇవి ఉంటే దిగుతుంది. మామూలు ఇనుములో అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పితే చిప్స్ (లోహపు తురుము) తెగుతాయి. అల్యూమినియానికి కిరోసిన్ చాలు. పోత ఇనుముకు ఏమీ అక్కర్లేదు. అడుగు మూసి ఉన్న రంధ్రమైతే సెట్టులోని మూడు ట్యాపులూ వరసగా వాడి, మధ్యమధ్యలో చిప్స్ తీసేయాలి.

విరిగిన ముక్క లోపలే ఉండిపోతే మామూలు డ్రిల్ పెట్టకండి, బిట్ పాడవుతుంది. అల్యూమినియంలో అయితే కిరాణా కొట్లో దొరికే పటిక ఉంది! వేడి పటిక నీళ్లలో నానబెడితే ట్యాప్ ముక్క మెల్లగా కరుగుతుంది, అల్యూమినియం నిలుస్తుంది. గంటలు పడుతుంది, ఓపిక ఉండాలి. ఇనుప భాగానికి మాత్రం ఇది చేయకూడదు.

రాడ్ మీద మర కోసే డైతో వేసిన మర చిరిగినట్టు వస్తే రాడ్ లావుగా ఉన్నట్టే. ఓ 0.1 తగ్గించండి. మర వంకరగా వస్తే రాడ్ కొస ఏటవాలుగా అరగదీయలేదన్నమాట.

బోల్టు రెండు చుట్లు ఎక్కి ఆగిందా? బలవంతం చేయకండి. 5/16 అంగుళం బోల్టు 7.94 మి.మీ., ఎం8 నట్టులో మొదలవుతుంది. కానీ దానికి అంగుళానికి 18 మరలు, అంటే పిచ్ 1.41. ఎం8కి 1.25. పాత యంత్రాలకు చేయి వేసేముందు పిచ్ గేజ్ పెట్టి చూడండి.